పసుపు పూసిన పిస్టన్లు

ఇంజన్ పని నేర్చుకుంటామని వచ్చే కుర్రాళ్ళు ముందుగా అడిగేది ఒకటే, ఇంజన్ విప్పడం ఎప్పటికి వస్తుందని. విప్పడానికి నేర్చుకోవలసిందేమీ లేదు. నాలుగు పానాలు చేతికిస్తే ఎవడైనా విప్పుతాడు. బిగించడం కూడా అంత బ్రహ్మవిద్యేం కాదు. అసలు పని ఆ రెండింటికీ మధ్యలో ఉంది. కొలవడం, ఆగడం, మళ్ళీ కొలవడం. నా బతుకంతా ఈ పనే చేశాను. నాకు విసుగు పుట్టలేదంటే మా ఆవిడ నమ్మదు గానీ, నిజంగానే పుట్టలేదు.

ఇది ఆ పనిలోకి కొత్తగా దిగేవాళ్ళ కోసం రాస్తున్నాను. ఏ షెడ్డులో ఎంత జీతం, ఎప్పుడు పెద్ద మెకానిక్‌నయ్యాను అనేవి మీకు పనికిరావు. పనికొచ్చేవి ఒకటి రెండు సంగతులున్నాయి. అవే చెబుతాను.

గొట్టమూ పిస్టనూ

నేను పని నేర్చుకున్నది విజయనగరంలో, అప్పలస్వామి మేస్త్రి షెడ్డులో. అరవైల చివర్లో మాట. చుట్టూ తడికెలు, పైన రేకులు, ముందు ఖాళీ స్థలం. అంతే షెడ్డు. మేస్త్రి పొట్టిగా, నల్లగా ఉండేవాడు. నోటికి ఎంత వస్తే అంత అనేవాడు. అన్న పావుగంటకి టీ తెప్పించేవాడు. ఆయన దగ్గర తిట్లు తిన్న వాళ్ళెవరూ షెడ్డు వదిలి పోలేదు. కారణం ఆ టీ ఒక్కటే కాదు. ఆయన చేతిలో పని ఉంది.

కారు ఇంజన్ అంటే ఇనుప దిమ్మలో తొలిచిన నాలుగు గుండ్రటి గొట్టాలు. వాటినే సిలిండర్లంటాం. ఒక్కో గొట్టంలో ఒక అల్యూమినియం పిస్టన్ పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది. గొట్టానికీ పిస్టన్‌కీ మధ్య ఉండే ఖాళీ తలవెంట్రుక మందం కూడా ఉండదు. ఆ ఖాళీ ఎక్కువైతే ఆయిలు పైకెక్కి కాలుతుంది, వెనక పొగగొట్టం నుంచి నీలం పొగ వస్తుంది, ఇంజన్ టకటకలాడుతుంది. తక్కువైతే వేడికి పిస్టన్ ఉబ్బి, గొట్టంలో ఇరుక్కుని, నడిరోడ్డు మీద బండి ఆగిపోతుంది. ఈ రెండింటి మధ్య సన్నటి దారిలో నడిపించడమే మా పని.

గొట్టాలు అరిగిపోతే దిమ్మను విశాఖపట్నం పంపి, పెద్ద మిషను మీద మరికాస్త వెడల్పుగా తొలిపించి తెచ్చేవాళ్ళం. ఆఖరి నునుపు మాత్రం మా షెడ్డులోనే, రాళ్ళు బిగించిన హోనింగు పనిముట్టుతో చేసుకునేవాళ్ళం. వెడల్పైన గొట్టాలకు కాస్త పెద్ద పిస్టన్లు కావాలి. ఆ రోజుల్లో నాలుగూ ఒకే పెట్టెలో దొరకడం అదృష్టం. రెండు ఒక కొట్లో, ఒకటి ఇంకో కొట్లో, నాలుగోది ఎవరినో బతిమాలి తెచ్చుకోవాలి. పైన ఒకే సైజని రాసి ఉంటుంది. మైక్రోమీటరు పెట్టి కొలిస్తే నాలుగూ నాలుగు రకాలు.

అందుకని మేస్త్రి ఏ పిస్టన్ ఏ గొట్టానికో ముందే కేటాయించేవాడు. ఆ పిస్టన్ ఎంతుందో చూసి, దానికి తగినంత మేరకే ఆ గొట్టాన్ని నునుపు చేయించేవాడు. అంటే ఒకదాని పిస్టన్ ఇంకోదానికి పనికిరాదు. గుర్తు కోసం పిస్టన్ నెత్తిన ఎర్ర రంగుతో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రాసేవాడు. నంబరు గుద్దేస్తే పోయేది కదా అని మీరంటారు. నేనూ అన్నాను. కొత్త సామాను మీద సుత్తి దెబ్బ గానీ గీత గానీ పడకూడదని ఆయన పట్టు. పెళ్ళికూతుర్ని ఇంటికి తెచ్చి ముందు చెంపదెబ్బ కొడతావురా అని నన్ను అడిగాడు.

బిగువు పిచ్చి

అసలు కథలోకి వెళ్ళే ముందు ఒక మాట. మా వైపు చాలామందికి ఇంజన్ బిగువుగా ఉంటే బలంగా ఉన్నట్టు లెక్క. ఒక కాంట్రాక్టరుగారు వేరే షెడ్డులో జీపు ఇంజన్ కట్టించుకున్నారు. స్టార్టు చేసే హ్యాండిలు తిప్పడానికి ఇద్దరు మనుషులు పట్టాల్సి వస్తుంటే ఆయన మురిసిపోయారట. చీపురుపల్లి రైల్వే గేటు దగ్గర జీపు నిలబడిపోయింది. గేటు తీశాక కూడా కదల్లేదు. వెనక ఎడ్లబళ్ళవాళ్ళు దిగి తలో చెయ్యి వేసి పక్కకు నెట్టారు. మేం వెళ్ళి విప్పితే రెండు పిస్టన్లు గొట్టానికి అతుక్కుపోయి ఉన్నాయి.

ఆ కాంట్రాక్టరుగారు మమ్మల్నే కోప్పడ్డారు, అంత మంచి బిగువు ఇంజన్‌ని పాడు చేశామని. ఇలాంటివాళ్ళు మీకూ తగుల్తారు. వాదించకండి. విప్పి చూపించండి.

ఇసక తిన్న కారు

నూకాలమ్మ మా షెడ్డుకు వచ్చింది ఎండలు ముదిరే రోజుల్లో. కళింగపట్నం ఆవిడ. వేటకెళ్ళే కుటుంబం. ఆవిడ భర్త మాత్రం సముద్రం వదిలి ఒక పాత అంబాసిడరు కొని, శ్రీకాకుళానికీ కళింగపట్నానికీ మధ్య టాక్సీ తిప్పాడు. ఆయన జ్వరంతో పోయాక ఆవిడ కారు అమ్మలేదు. జీతానికి డ్రైవర్ని పెట్టి తిప్పించింది. మగదిక్కు లేని ఆడది కారు నడిపించడమేమిటని ఊళ్ళో గుసగుసలు. మరిది పోలారావు అయితే గుసగుస కూడా కాదు, బాహాటంగానే అనేవాడు. కారు అమ్మేసి వదిన మళ్ళీ చేపలు ఎండబెట్టే పనిలోకి రావాలని ఆయన మాట.

అంతలో కారు పొగ కక్కడం మొదలెట్టింది. ఎవరో పిస్టన్ల చుట్టూ ఉండే రింగులు మాత్రం మార్చి ఇచ్చారు. కొన్నాళ్ళకే మళ్ళీ పొగ. దాంతో పోలారావుకు నోరు పెరిగింది. చివరికి కులపెద్దల ముందు ఒక ఒప్పందానికి వచ్చారు. ఇంకొక్కసారి ఇంజన్ బాగుచేయించుకోవచ్చు. బాగైన కారు విజయనగరం నుంచి కళింగపట్నం దాకా పొగ లేకుండా వస్తే ఆవిడ ఇష్టం ఆవిడది, ఎవరూ నోరెత్తకూడదు. పొగ వస్తే అమ్మకం. ఇదంతా ఆవిడే మేస్త్రికి చెప్పింది. ఏడవలేదు, బతిమాలలేదు.

"నాకు సేపలంటే ఎగతాళి నేదు మేస్త్రీ. మాయమ్మ అదే పని సేసినాది. గానీ ఈ కారు నా సేతిలో నడస్తన్నాది. నడిసేదాన్ని ఎందుకు అమ్ముకోవాల?" అంది.

మేస్త్రి వెళ్ళి బానెట్ ఎత్తాడు. ఇంజన్ విప్పాక గొట్టం పైఅంచున నా వేలు పట్టి రుద్దించాడు. గోటికి మెట్టులా తగిలింది. అంత అరుగుదల అంత తొందరగా ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటరు మూతి దగ్గర చూస్తే గాలి వడకట్టే డబ్బా లేదు. డ్రైవర్ని అడిగితే, ఇంజన్‌కి ఊపిరాడడం లేదని తనే తీసేశానన్నాడు, చాలా తెలివైన పని చేసినట్టు. తీరం పక్కన తిరిగే కారు. గాలితో పాటు ఇసక కూడా లోపలికి పోయి గొట్టాలను నూరేసింది. రింగులు మార్చినవాళ్ళు ఆ డబ్బా సంగతి చూడనే లేదు.

మీకు నేను చెప్పేదేమిటంటే, అరిగిన వస్తువు మార్చే ముందు అది ఎందుకు అరిగిందో తెలుసుకోండి. తెలుసుకోకపోతే అదే బండి మళ్ళీ మీ గుమ్మంలోకి వస్తుంది. వచ్చినప్పుడు మర్యాదగా రాదు.

పసుపు

దిమ్మ విశాఖపట్నం వెళ్ళి వచ్చింది. పిస్టన్లు ఎప్పటిలాగే తలా ఒక చోట దొరికాయి. మేస్త్రి, నేను ఒక్కో గొట్టాన్నీ దాని పిస్టన్‌కి తగ్గట్టు నునుపు చేశాం. పని చాలా బాగా కుదిరింది. మేస్త్రి తృప్తిగా ఈల వేయడం నేను విన్నది బహుశా ఆ రోజే. ఎర్ర రంగుతో నంబర్లు వేశాడు.

మా షెడ్డుకు ఒక ఆనవాయితీ ఉండేది. ఇంజన్ మూసే ముందు కొత్త పిస్టన్లను బండిగలవాళ్ళ ఇంటికి పంపేవాళ్ళం. ఇంటి ఆడవాళ్ళు వాటిని పళ్ళెంలో పెట్టి, ఒక్కోదానికి కుంకుమ బొట్టు పెట్టి, పైడితల్లమ్మకు దండం పెట్టుకుని తిరిగి పంపేవాళ్ళు. నూకాలమ్మ అప్పుడు విజయనగరంలో చెల్లెలి ఇంట్లో ఉంది. రంగు ఇంకా పూర్తిగా ఆరకముందే పిస్టన్లు పట్టుకెళ్ళింది.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ పళ్ళెంతో వచ్చింది. వెనకాలే పోలారావు కూడా వచ్చాడు, పని ఎక్కడిదాకా వచ్చిందో చూసి పోదామని. పళ్ళెం మీది గుడ్డ తీస్తే పిస్టన్లు తళతళలాడుతున్నాయి. అంత తళతళ నాకు నచ్చలేదు. ఒకదాన్ని తిప్పి చూశాను. నంబరు లేదు. మిగతావాటికీ లేదు.

ఏం జరిగిందో ఆవిడే చెప్పింది. బొట్టుతో సరిపెట్టడం ఆవిడ మనసుకు చాలలేదు. నూనె రాసి, నిండా పసుపు పూసి, పూజ చేసింది. తర్వాత ఆలోచన వచ్చింది.

"పసుపు ఇంజన్లోకి ఎల్తే ఏటవతాదో అని బయమేసినాది. సింతపండూ కొబ్బరిపీసూ ఎట్టి సుబ్బరంగా తోమీసినాను" అంది.

ఆవిడ తప్పేముంది? పసుపు లోపలికి పోకూడదన్న ఆలోచన ఎంత మంచిది. కానీ ఆ నూనెకీ ఆ తోముడుకీ రంగు ఆనవాలు లేకుండా పోయింది. ఏ పిస్టన్ ఏ గొట్టానిదో ఇప్పుడు తెలియదు. మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. ఆవిడ్ని ఒక్క మాట అనలేక, నన్నూ, డ్రైవర్నీ, రంగు డబ్బానీ, విశాఖపట్నాన్నీ వరసపెట్టి తిట్టాడు. పోలారావు స్టూలు మీద కూర్చుని చుట్ట వెలిగించుకున్నాడు. ఆయన ముఖంలో దాచుకోలేని సంతోషం.

కోపంతో కొలిస్తే

పోయిన నంబర్లు మళ్ళీ కనుక్కోవడం అసాధ్యమేమీ కాదు. పిస్టన్లను కొలిచి చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరస పెట్టాలి. గొట్టాలనూ అలాగే. రెండు వరసలూ జత చేస్తే సరిపోతుంది. మేస్త్రి పిస్టన్లను కిరసనాయిలుతో మళ్ళీ కడిగించి, షెడ్డు ముందు రేకు మీద ఆరబెట్టమన్నాడు. రేకు సగం ఎండలో, సగం చూరు నీడలో ఉంది. రెండు అటు, రెండు ఇటు పడ్డాయి. ఎవరూ పట్టించుకోలేదు.

ఆరీ ఆరగానే ఆయన గబగబా కొలిచి వరస చెప్పేశాడు. పరీక్ష కోసం మొదటి గొట్టంలో పిస్టన్ దించి, పక్కన సన్నటి ఉక్కు పట్టీ పెట్టి లాగాడు. ఖాళీ సరిగా ఉంటే పట్టీ కాస్త బరువుగా జారి వస్తుంది. రాలేదు. రెండో గొట్టంలోనూ అంతే. ముందురోజు అలాగే జారిన పట్టీ ఇవాళ బిగిసిపోయింది.

మేస్త్రి హోనింగు పనిముట్టు తెమ్మన్నాడు. ఈ రెండు గొట్టాలూ ఇంకాస్త నూరితే సరి అన్నాడు. గొట్టంలోంచి తీసిన ఇనుము మళ్ళీ పెట్టలేం. అయినా ఆయన మాట కాదనే ధైర్యం షెడ్డులో ఎవరికీ లేదు. పనిముట్టు తెచ్చి ఇచ్చాను.

నూకాలమ్మ ఊరికే కూర్చోలేకపోతోంది. మిగిలిన రెండు పిస్టన్లు మేస్త్రి కొలిచాక మళ్ళీ ఎండలోనే ఉన్నాయి. వాటిని తీసి కొంగుతో తుడవబోయి, చేతులు మార్చుకుంది. తర్వాత మేస్త్రి పక్కన ఉన్న మొదటి రెండింటినీ ముట్టి చూసింది.

"మేస్త్రీ, ఇయి సురసురా కాల్తన్నాయి. అయి సల్లగా ఉన్నాయి. అన్నీ ఒక్కలాగ ఉండాలా, అక్కర్నేదా?" అని అడిగింది.

మేస్త్రి చేతిలో పనిముట్టు అలాగే ఉండిపోయింది. అల్యూమినియం వేడికి ఉబ్బుతుంది. ఆ ఎండలో రేకు మీద కాలిన పిస్టన్ ఎంత ఉబ్బుతుందంటే, మేం చచ్చీచెడీ కుదిర్చిన ఖాళీ మొత్తం అందులోనే పోతుంది. చిన్నవి ఎండలో ఉబ్బి పెద్దవిగా తేలాయి. నీడలో ఉన్న పెద్దవి చిన్నవిగా తేలాయి. వరస మొత్తం తారుమారై, పెద్ద పిస్టన్లు చిన్న గొట్టాలకు పడ్డాయి; పట్టీ బిగిసింది అందుకే. ఆ కొలత నమ్మి గొట్టాలు నూరి ఉంటే, తర్వాత చల్లారిన చిన్న పిస్టన్లు పెద్ద గొట్టాల్లో గిలగిలలాడేవి. మళ్ళీ పొగ. ఇది మేస్త్రికి తెలియని సంగతి కాదు. నాకు నేర్పిందే ఆయన. కోపంలో ఉన్న మనిషికి తెలిసిన సంగతులు కూడా అందుబాటులో ఉండవు.

ఆయన పనిముట్టు కింద పెట్టాడు. ఆవిడ వైపు తిరిగాడు.

"అమ్మా, నువ్వు తోమబట్టి నంబరు పోయినాది. నువ్వు ముట్టబట్టి ఇంజన్ బతికినాది. సెల్లుకి సెల్లు" అన్నాడు. తర్వాత నాతో, "ఒరే, ఈయాల ఎవుడూ ఏదీ కొలవొద్దు. టీ సెప్పు" అన్నాడు.

పిస్టన్లూ, దిమ్మా అన్నీ షెడ్డు లోపల ఒకేచోట నీడన పెట్టాం. మర్నాడు పొద్దున్నే చల్లటి వేళ కొలిచాం. వరస స్పష్టంగా తేలింది. నాలుగు గొట్టాల్లోనూ పట్టీ ముందటిలాగే జారింది. మేస్త్రి సన్నటి మొన తీసుకుని, పిస్టన్ల నెత్తిన తన చేత్తోనే నంబర్లు గీశాడు. పట్టు వదిలేశారేమని నేను అడగలేదు.

నేను తర్వాత సొంత షెడ్డు పెట్టుకున్నాక దీన్ని నియమం చేసుకున్నాను. కోపం వచ్చిన రోజు మైక్రోమీటరు ముట్టను. మనసు చల్లబడాలి, ఇనుమూ చల్లబడాలి. రెండింటికీ మందు ఆగడమే. మీ యజమాని ఎంత తొందరపెట్టినా సరే, ఈ ఒక్క విషయంలో మొండిగా ఉండండి.

కళింగపట్నం దాకా

ఇంజన్ మూసి, గాలి వడకట్టే డబ్బా కొత్తది బిగించాం. అది మళ్ళీ విప్పితే చేతులు విరగ్గొడతానని మేస్త్రి డ్రైవర్ని హెచ్చరించాడు. కొత్త ఇంజన్‌కి మొదట్లో కొంత పొగ మామూలే. రింగులు గొట్టానికి అలవాటు పడాలి. అందుకని కొన్ని రోజులు విజయనగరం చుట్టుపక్కలే నెమ్మదిగా తిప్పించాం. తర్వాతే పోలారావుకు కబురు పెట్టాం.

ముందు డ్రైవరూ నేనూ, వెనక నూకాలమ్మా పోలారావూ. పొద్దున్నే బయల్దేరాం. పోలారావు సీట్లో సరిగా కూర్చోనే లేదు. వెనక అద్దం వైపు తిరిగి, పొగ కోసం చూస్తూనే ఉన్నాడు. చీపురుపల్లి దాటాక ఆయనకు విసుగొచ్చింది. ఈ నత్తనడకేమిటి, గట్టిగా తొక్కితే నిజం బయటపడుతుందని డ్రైవర్ని పురమాయించాడు. డ్రైవరు కాలు కదిలింది.

"మెల్లిగానే ఎల్లు. కారు నాది" అంది నూకాలమ్మ.

గొంతు పెంచలేదు. డ్రైవరు కాలు వెనక్కి తీశాడు. శ్రీకాకుళం దాకా అదే వేగం. నేను ఇంజన్ చప్పుడే వింటూ కూర్చున్నాను. ఎక్కడా టకటక లేదు, తేడా లేదు. ఆ చప్పుడు విన్నప్పుడు కలిగిన సుఖం ఎలా చెప్పాలో నాకు తెలియదు. బాగా కుదిరిన పని నాలుగు మైళ్ళు పోతే ఒక మాట, పదిమైళ్ళు పోతే ఇంకో మాట చెబుతుంది. ఆ రోజు అన్నీ మంచి మాటలే చెప్పింది.

కళింగపట్నంలో తీరం వైపు తిరిగే మలుపు దగ్గర కులపెద్దలు కాచుకుని ఉన్నారు. ఒడ్డున వలలు బాగుచేసేవాళ్ళు కూడా పని ఆపి చూస్తున్నారు. కారు ఆగాక పోలారావు అందరికంటే ముందు దిగాడు. ఇంజన్ ఆపవద్దన్నాడు. భుజం మీది తెల్ల కండువా తీసి, వెనక పొగగొట్టం మూతికి అడ్డం పట్టుకుని కూర్చున్నాడు. ఆయిలు కాలితే గుడ్డ మీద జిడ్డు మరక పడుతుంది. యాక్సిలరేటరు గట్టిగా తొక్కి రేజు చేయమన్నాడు. డ్రైవరు చేశాడు. నూకాలమ్మ కారు దిగకుండా, ముందుకే చూస్తూ కూర్చుంది.

పోలారావు లేచి కండువా విప్పి చూశాడు. కొంచెం మసి, కొంచెం చెమ్మ. జిడ్డు లేదు. పెద్దలకు చూపించాడు. వాళ్ళూ చేత్తో రుద్ది చూసుకున్నారు. ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని, నెమ్మదిగా వదిన కూర్చున్న కిటికీ దగ్గరకు వచ్చాడు. ఏదో ఒక పుల్లవిరుపు మాట వస్తుందని నేను కాచుకుని ఉన్నాను.

"వొదినా, లక్ష్మివారం మా పాపకి సంబందం సూడ్డానికి నరసన్నపేట ఎల్లాల. కారు కాళీగా ఉంటాదా?" అని అడిగాడు.

నూకాలమ్మ కారు తలుపు తీసుకుని దిగింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. పెద్దల వైపు ఒకసారి చూసింది.

"ఆ రోజు ఎవులికైనా మాటిచ్చీసినానేమో, డైవర్ని అడిగి సెప్తాను మరిదీ" అంది.